రెండోది ఉంది కదా అంటే చాలదు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం)

అందరికీ నమస్కారం. నాకు ఇచ్చిన అంశం చాలా పెద్దది. కరెంటు, మంచినీళ్లు, ఫోన్లు, ఆసుపత్రులు, వంతెనలు. ఇవి లేకపోతే మన రోజు గడవదు. దెబ్బ తగిలినా తట్టుకునేలా, ఒకవేళ పడిపోయినా త్వరగా తేరుకునేలా వీటిని ఎలా కట్టుకోవాలి? ఇదీ ఈరోజు మాట్లాడుకోవాల్సిన సంగతి. నేను కరెంటు మనిషిని. ఉద్యోగమంతా కంట్రోల్ రూముల్లోనే గడిచింది. అందుకని ఉదాహరణలు ఎక్కువగా అటువైపు నుంచే వస్తాయి. ఏమీ అనుకోకండి, నీళ్లవాళ్లకైనా ఫోన్లవాళ్లకైనా ఇవే సంగతులు వర్తిస్తాయి.

నేరుగా ఒక సంఘటనలోకి వెళ్దాం. 2011 మార్చి 11. జపాన్‌లో ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రం. సముద్రంలో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ సమయానికి నడుస్తున్న రియాక్టర్లు మూడు. మూడూ వాటంతట అవే ఆగిపోయాయి. బయటి నుంచి కరెంటు తెచ్చే లైన్లు దెబ్బతిన్నాయి. వెంటనే డీజిల్ జనరేటర్లు స్టార్ట్ అయ్యాయి. ఇంతవరకూ ఏ తప్పూ జరగలేదు, గమనించండి. రియాక్టర్ ఆగింది, స్టాండ్‌బై అందుకుంది. కాగితం మీద ఎలా రాసి ఉందో అలాగే జరిగింది.

అయితే రియాక్టర్ ఆగినంత మాత్రాన అందులోని వేడి ఆగదు. రోజుల తరబడి నీళ్లు తిప్పుతూనే ఉండాలి. నీళ్లు తిప్పాలంటే కరెంటు కావాలి. సుమారు 50 నిమిషాల తర్వాత సునామీ వచ్చింది. లెక్కల్లో పెట్టుకున్న అల ఆరు మీటర్ల చుట్టుపక్కల ఉంటే, వచ్చిన అల దానికి రెట్టింపు దాటింది. జనరేటర్లు ఎక్కడున్నాయి? చాలామటుకు భవనాల అడుగు అంతస్తుల్లో. నీళ్లు ముందు దూరేది ఎక్కడికి? అక్కడికే. ఇంకో సంగతి చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. కొన్ని జనరేటర్లు నిజానికి మునగలేదు, బాగానే ఉన్నాయి. కానీ వాటి నుంచి కరెంటును పంచే స్విచ్‌బోర్డులు కింద నీళ్లలో ఉన్నాయి. జనరేటర్ ఉంది, డీజిల్ ఉంది, కరెంటు మాత్రం వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. డజను దాకా ఉన్న జనరేటర్లలో చివరికి పనికొచ్చింది ఒక్కటి. ఆరో యూనిట్‌ది. అది గాలితో చల్లబడే రకం, కొంచెం ఎత్తులో పెట్టారు. ఆ ఒక్కటే ఐదో యూనిట్‌ని, ఆరో యూనిట్‌ని రెండింటినీ కాపాడింది.

ఆ కేంద్రంలో జనరేటర్లు తక్కువయ్యాయా? ఒకటి పాడైతే ఇంకొకటి, అదీ పాడైతే మరొకటి అని లెక్క వేసే పెట్టారు. ఎన్ని ఉన్నాయి అన్న ప్రశ్న అడిగారు. అన్నీ ఒకే దెబ్బకి పోతాయా అన్న ప్రశ్నకి మాత్రం తగినంత విలువ ఇవ్వలేదు. అదే తీరంలో ఒనగావా కేంద్రం ఉంది. భూకంప కేంద్రానికి ఫుకుషిమా కన్నా దగ్గర. అదే భూకంపం, పెద్ద అలే వచ్చింది. దాన్ని దాదాపు 14 మీటర్ల ఎత్తున కట్టారు. నిలబడింది. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల జనం ఆ కేంద్రంలోనే తలదాచుకున్నారు.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదే. "రెండోది ఉంది కదా" అన్న మాట మన రంగంలో చాలా ప్రమాదకరమైన మాట. రెండోది దేని మీద ఆధారపడి ఉంది? మొదటిది దేని మీద ఆధారపడిందో దాని మీదేనా? అయితే మీ దగ్గర రెండు లేవు. రెండింటి ఖరీదు పెట్టి కొన్న ఒక్కటే ఉంది.

2012 అక్టోబరు చివర్లో శాండీ తుఫాను న్యూయార్క్‌ని ముంచింది. అక్కడ బెల్‌వ్యూ అని పెద్ద ఆసుపత్రి. నీళ్లు వస్తాయని తెలిసే జనరేటర్లని 13వ అంతస్తులో పెట్టారు. మంచి ఆలోచనే కదా? కానీ వాటికి డీజిల్ పైకి ఎక్కించే పంపులు బేస్‌మెంట్‌లో ఉన్నాయి. బేస్‌మెంట్ నిండింది, పంపులు ఆగాయి. ఆసుపత్రి సిబ్బంది, సైనికులు మెట్ల మీద వరసగా నిలబడి చేతి మీదుగా 13వ అంతస్తుకి డీజిల్ అందించారు. ఆ మెట్లు ఒక్కసారి ఊహించుకోండి. చీకటి, చేతుల్లో డీజిల్, పైన ఐసీయూలో వెంటిలేటర్ల మీద రోగులు. వాళ్లు చేసింది మామూలు పని కాదు. అయినా చివరికి ఆసుపత్రి మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. జనరేటర్ని పైకి ఎక్కించినవాళ్లు పంపు దగ్గర ఆగిపోయారు. చివరి లింకు దాకా వెళ్లి చూడలేదు.

ఇదేదో నీళ్లకి సంబంధించిన గొడవ అనుకోకండి. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికాం సంస్థ నెట్‌వర్క్ దేశమంతటా పడిపోయింది. తుఫాను లేదు, భూకంపం లేదు. కోర్ నెట్‌వర్క్‌లో సెట్టింగులు మారుస్తుంటే జరిగిన ఒక పొరపాటు. కోటి మందికి పైగా వినియోగదారులు. ఫోన్లు లేవు, ఇంటర్నెట్ లేదు, చాలామందికి ఎమర్జెన్సీ నంబరు 911 కలవలేదు. డెబిట్ కార్డు చెల్లింపులు దేశమంతా ఆగిపోయాయి. ఎందుకంటే ఆ చెల్లింపుల వ్యవస్థ నడిచేది ఆ నెట్‌వర్క్ మీదే. సరే, బాగు చేయాలి కదా, బాగు చేసే ఇంజినీర్లు? వాళ్ల ఫోన్లూ అదే నెట్‌వర్క్ మీద! రూటర్లలోకి లాగిన్ అయ్యే దారి కూడా అదే నెట్‌వర్క్ మీద నుంచే. పడిపోయినదాన్ని లేపడానికి పడిపోయినదే కావాల్సి వచ్చింది.

కాబట్టి మీరు ఏ వ్యవస్థ చూస్తున్నా సరే, ఒక పని చేయండి. కాగితం తీసుకుని కింద నుంచి పైకి రాయండి. ఈ పంపుకి కరెంటు ఎక్కడిది? ఆ కరెంటు ఆగితే జనరేటర్. జనరేటర్‌కి డీజిల్ ఎక్కడిది? ట్యాంకర్ తేవాలి. ట్యాంకర్‌కి కబురు ఎలా? ఫోను. ఫోను టవర్‌కి కరెంటు ఎక్కడిది? బ్యాటరీ, అది కొన్ని గంటలు. తర్వాత? అక్కడా జనరేటరే, దానికీ డీజిలే, అదీ అదే బంకు నుంచే. బంకులో పంపు తిరగాలంటే? మళ్లీ కరెంటే. గీత ఎక్కడ బయల్దేరిందో అక్కడికే వచ్చి చేరింది చూశారా? ఆ గుండ్రం కనిపించిన చోట పని మొదలుపెట్టాలి.

ఈ గుండ్రం టెక్సాస్‌లో 2021 ఫిబ్రవరిలో నిజంగానే తిరిగింది. విపరీతమైన చలి. గ్యాసు బావులు, పైపులు గడ్డకట్టడం మొదలైంది. గ్యాసు తగ్గితే గ్యాసుతో నడిచే విద్యుత్ కేంద్రాలు తగ్గాయి. కరెంటు చాలక కోత పెట్టారు. ఆ కోతలో గ్యాసు పంపే యంత్రాలకి కూడా కరెంటు పోయింది, ఎందుకంటే వాటిలో చాలావాటిని "కోత పెట్టకూడనివి" జాబితాలో ఎవరూ చేర్పించలేదు. జాబితాలో పేరు లేకపోవడం! గ్యాసు ఇంకా తగ్గింది, కరెంటు ఇంకా తగ్గింది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే ఉత్పత్తి కన్నా వాడకం ఎక్కువైతే పడిపోయే అంకె, 60 హెర్ట్జ్ ఉండాల్సింది 59.3కి పడింది. 59.4 కన్నా కింద తొమ్మిది నిమిషాలు ఉంటే మిగిలిన జనరేటర్లు తమని తాము కాపాడుకోవడానికి వరసగా ట్రిప్ అయ్యేవి, అంటే వాటంతట అవే ఆగిపోయేవి. నాలుగు నిమిషాలు దాటింది. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు ఉందనగా ఆపరేటర్లు లోడ్ తెంపి, అంటే కొన్ని ప్రాంతాలకి కరెంటు ఆపి, ఫ్రీక్వెన్సీని పైకి లాగారు. కంట్రోల్ రూంలో పని చేసినవాళ్లకి తెలుస్తుంది ఆ నాలుగు నిమిషాలంటే ఏమిటో. ఎదురుగా ఫ్రీక్వెన్సీ అంకె కదులుతూ ఉంటుంది. గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఏ ఊళ్లకి చీకటి చేయాలో నోటితో చెప్పాలి. అవును, లక్షల ఇళ్లు చలిలో చీకట్లోకి వెళ్లాయి, మనుషులు చనిపోయారు. అది చిన్న విషయం కాదు. కానీ ఆ లోడ్ తెంపకపోతే రాష్ట్రంలో చాలాభాగానికి వారాల తరబడి కరెంటు ఉండేది కాదు.

ఎక్కడ తెగాలో ముందే నిర్ణయించుకోవడం

ఇక్కడ రెండో మాటలోకి వస్తున్నాను. పదిమంది ఒక బరువైన దూలం మోస్తున్నారనుకోండి. ఒకడు కాలు జారి వదిలేశాడు. బరువు మిగతా తొమ్మిదిమంది మీద పడుతుంది. అందులో బలహీనుడు వదిలేస్తాడు. తర్వాత ఎనిమిది, ఏడు. చివరికి అందరూ ఒక్కసారే. గ్రిడ్ కూలేదీ ఇలాగే. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో లోడ్‌కి వేడెక్కిన లైన్లు సాగి చెట్లకి తగిలి ట్రిప్ అయ్యాయి. చెట్లు కొట్టించకపోవడం ఒక తప్పు. అంతకన్నా పెద్దది, ఆ కంట్రోల్ రూంలో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది, ఆగిపోయిందని ఆపరేటర్లకి తెలియదు. అలారం మోగడం లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. సాయంత్రం నాలుగు దాటేసరికి 250కి పైగా విద్యుత్ కేంద్రాలు ఆగి, అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

మన దేశంలో 2012 జూలై 30, 31 తేదీలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. మొదటి రోజు ఉత్తర గ్రిడ్ కూలింది. లేపి నిలబెట్టారు. రెండో రోజు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ పోయాయి. సుమారు 60 కోట్ల మంది ఉన్న ప్రాంతం. దక్షిణం పడలేదు. ఎందుకు పడలేదు? మనవాళ్లు గొప్పవాళ్లు కాబట్టి కాదండీ. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో డీసీ లింకుల ద్వారానే, అంటే రెండు వైపుల ఫ్రీక్వెన్సీని వేరువేరుగా ఉంచే లైన్ల ద్వారానే, కలిసి ఉంది. అటు ఫ్రీక్వెన్సీ కూలినా ఆ కుదుపు ఇటు రాదు. తర్వాత 2013 డిసెంబర్ 31న రాయచూర్ – షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం కూడా ఒకే గ్రిడ్‌లో చేరింది.

చేరడం తప్పా? కాదు. కలిస్తే బలం. ఒకచోట కరవైతే ఇంకోచోట నుంచి వస్తుంది. నేను కలపడానికి వ్యతిరేకిని కాను. నేనడిగేది ఒక్కటే: కలిపినప్పుడు, అవసరమైతే ఎక్కడ తెంపుకోవాలో కూడా అదే రోజు నిర్ణయించారా? ఫ్రీక్వెన్సీ ఇంతకి పడితే ఈ ఫీడర్లు (కరెంటు పంచే లైన్లు) వాటంతట అవే తెగాలి, ఇంకా పడితే ఈ నగరం తన జనరేటర్లతో ఒక ద్వీపంలా విడిపోవాలి. ఆ రిలేలు, అంటే తేడా కనిపెట్టి లైను తెంపించే పరికరాలు, పెట్టారా? పెట్టినవి పనిచేస్తున్నాయా? 2012 నివేదికలు చదవండి. రాష్ట్రాల్లో లోడ్ తెంపాల్సిన రిలేలు తెంపాల్సినంత తెంపలేదని స్పష్టంగా రాశారు. కాగితం మీద అవి ఉన్నాయి.

నెదర్లాండ్స్‌వాళ్లు నీటితో ఇదే పని చేశారు. 1953 వరదలో అక్కడ 1,836 మంది చనిపోయారు. దశాబ్దాలపాటు గోడలు, గేట్లు కట్టారు, చాలా గొప్పగా కట్టారు. అయినా 1995లో నదులు పొంగి రెండు లక్షలకి పైగా జనాన్ని తరలించాల్సి వచ్చింది. అప్పుడు ఇంకా ఎత్తు గోడలు కట్టడంతో సరిపెట్టలేదు. కొన్ని చోట్ల కట్టల్ని వెనక్కి జరిపారు, కొన్ని పొలాలు మునగడానికి ముందే ఒప్పుకుని అక్కడి ఇళ్లని మిట్టల మీదికి మార్చారు. నది పొంగితే ఎటు పారాలో మనుషులే చెప్పారు. దీనికి రైతులతో ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. వరద వచ్చిన రాత్రి జరిగే పని కాదిది.

పడ్డాక లేవడం

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వచ్చాను. కాసేపు ఇక్కడ ఆగుతాను, ఎందుకంటే దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. గ్రిడ్ మొత్తం పోయింది. సున్నా. ఇప్పుడేం చేస్తారు? స్విచ్ వేస్తారా? చాలామంది అలాగే అనుకుంటారు.

పెద్ద థర్మల్ కేంద్రం స్టార్ట్ కావాలంటే దానికే బోలెడంత కరెంటు కావాలి. ఫ్యాన్లు, పంపులు, బొగ్గు మిల్లులు. కరెంటు లేకుండా అది కరెంటు తయారుచేయలేదు. మరి మొదటి కరెంటు ఎవరిస్తారు? చిన్న జల విద్యుత్ కేంద్రం ఇస్తుంది. గేటు తెరవడానికి ఒక బ్యాటరీ, ఒక చిన్న డీజిల్ సెట్టు చాలు. దీన్ని మేం బ్లాక్ స్టార్ట్ అంటాం. ఆ చిన్న కేంద్రం నుంచి ఒక్క లైను ఛార్జ్ చేసుకుంటూ పెద్ద కేంద్రం దాకా వెళ్లాలి. ఖాళీ లైను పొడుగ్గా ఉంటే వోల్టేజ్ పైకి తన్నుతుంది, దాన్ని అదుపు చేయాలి. దారిలో కొంచెం కొంచెం లోడ్ కలపాలి. ఒకేసారి ఎక్కువ కలిపితే ఫ్రీక్వెన్సీ పడి, కట్టిందంతా మళ్లీ కూలుతుంది. గంటల పని అది. బయట మంత్రులు ఫోన్లు చేస్తుంటారు, జనం కోపంగా ఉంటారు. లోపల మాత్రం తొందరపడకూడదు.

2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటైపోయాయి. స్పెయిన్‌కి అటు ఫ్రాన్స్ నుంచి, ఇటు మొరాకో నుంచి లైన్లున్నాయి, లోపల జల విద్యుత్ ఉంది. పోర్చుగల్‌కి అప్పటికి బ్లాక్ స్టార్ట్ చేయగల కేంద్రాలు రెండే, ఒకటి జల విద్యుత్, ఒకటి గ్యాసు. మర్నాడు ఉదయానికి దాదాపు అంతా తిరిగి వచ్చింది. అంత పెద్ద వ్యవస్థని ఒక్క రాత్రిలో లేపారంటే ముందు సాధన లేకుండా అయ్యే పని కాదు.

ఇంకో చిన్న వస్తువు గురించి చెప్పాలి. సబ్‌స్టేషన్‌లో ఒక గది ఉంటుంది, వరసగా బ్యాటరీలు, 110 వోల్టులో 220 వోల్టులో డీసీ. లోపలికి వెళ్తే యాసిడ్ వాసన. ఎవరూ ఫొటో తీసుకోని గది అది. బయట లక్షల వోల్టుల బ్రేకర్లు, అంటే లైన్లని కలిపే, తెంపే పెద్ద స్విచ్‌లు ఉన్నా, అవి తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా ఆ డీసీ కావాలి. రిలేలకి కళ్లు అదే. కరెంటు పోతే బ్యాటరీని ఛార్జ్ చేసేదీ ఉండదు. కాబట్టి కొన్ని గంటలే గడువు. ఆ గడువు దాటాక మీ దగ్గరికి కరెంటు వచ్చినా దాన్ని తీసుకోవడానికి బ్రేకర్ కదలదు. ఒక్కో సబ్‌స్టేషన్‌కి మనిషి వెళ్లాలి. బ్లాక్ స్టార్ట్ ప్లాను ఎనిమిది గంటలకి రాసుకుని, బ్యాటరీ నాలుగు గంటలే నిలబడితే ఏమవుతుంది? మీరే చెప్పండి. ఆ సెల్లుల్లో ఎన్ని బాగున్నాయో, నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో చూసే టెక్నీషియన్ పనిని మనం చిన్న పనిగా చూస్తాం. నాకు అక్కడే బాధ.

నిర్లక్ష్యం చేసిన చిన్న సంగతులకి ఒకటే ఉదాహరణ చెప్పి ముందుకెళ్తాను. 1967 డిసెంబర్ 15న అమెరికాలో సిల్వర్ బ్రిడ్జ్ కూలి 46 మంది పోయారు. కడ్డీల గొలుసులతో వేలాడే వంతెన. గొలుసులో ప్రతి చోటా రెండే కడ్డీలు. ఒక్క కడ్డీలో బయటికి కనిపించని సన్నటి పగులు. అది తెగగానే మొత్తం పోయింది. ఆ తర్వాతే ఆ దేశంలో వంతెనల తనిఖీకి జాతీయ నిబంధనలు వచ్చాయి.

ఇక మనుషులు. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో హ్యాకర్లు మూడు డిస్ట్రిబ్యూషన్ కంపెనీల కంప్యూటర్లలో దూరి, ఆపరేటర్ల కళ్లముందే మౌస్ కదుపుతూ బ్రేకర్లు తెరిచారు. రెండు లక్షలకి పైగా కనెక్షన్లు చీకటి. కంట్రోల్ రూంల యూపీఎస్‌లని కూడా ఆపించారు. జనం ఫిర్యాదు చేయకుండా కాల్ సెంటర్‌ని దొంగ కాల్స్‌తో నింపేశారు. ఎంత ఆలోచించారో చూడండి! అయినా కొన్ని గంటల్లో కరెంటు తిరిగి వచ్చింది. ఎలా? సిబ్బంది బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో బ్రేకర్లు వేశారు. చేత్తో వేసే ఏర్పాటు ఇంకా ఉంది, వేయడం తెలిసినవాళ్లు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. ఆటోమేషన్ వద్దని నేనను. ఆటోమేషన్ పెట్టిన మర్నాడే ఆ మనుషుల్ని తగ్గించుకునేవాళ్లతోనే నా తగాదా.

డబ్బు మాట ఎవరో అడుగుతారని నాకు తెలుసు. అవును, ఖర్చే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వందల టన్నులుంటుంది, ఆర్డరిచ్చాక ఏడాది పైనే పడుతుంది, రోడ్డు మీద తరలించడమే ఒక ప్రాజెక్టు. స్పేర్ కొని పక్కన పెడితే ఆడిట్‌లో "నిరుపయోగంగా పడి ఉంది" అని రాస్తారు. ఆ వాక్యం రాసేవాళ్లకి నేను చెప్పేది, పడి ఉండటమే దాని పని.

చివరిగా పరీక్షల గురించి. జనరేటర్ టెస్ట్ ఎలా జరుగుతుందో నేను చాలా చోట్ల చూశాను. వారానికోసారి బటన్ నొక్కుతారు, లోడ్ లేకుండా పది నిమిషాలు తిప్పుతారు, రిజిస్టర్‌లో "ఓకే" రాస్తారు. ఆ టెస్ట్ వల్ల ఇంజిన్ తిరుగుతుందని తెలిసింది, అంతే. మెయిన్ సప్లై నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ మారుతుందా? పూర్తి లోడ్ మోస్తుందా? ఆరు గంటలు నడిచాక వేడెక్కి ఆగిపోతుందా? ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి ఫిల్టర్‌ని మూసేస్తుందా? తెలియదు.

అసలు పరీక్ష అంటే పనిదినాన, పగటిపూట, మెయిన్ సప్లై నిజంగా తీసేసి, పూర్తి లోడ్ మీద ఎనిమిది గంటలు నడపడం. అది ఎందుకు చేయరు? టెక్నీషియన్లకి తెలియకనా? బాగా తెలుసు. పరీక్షలో ఏదైనా ట్రిప్ అయితే మెమో వాళ్లకే వస్తుంది, అందుకని చేయరు. కాబట్టి ఆ తేదీ వేయాల్సింది సంస్థలో అందరికన్నా పైనున్నవాళ్లు. సంతకం వాళ్లదే ఉండాలి. పరీక్షలో ఆగిపోతే ఎవరి మీదా చర్య ఉండదని ముందే రాసివ్వాలి. బయటపడ్డ లోపాన్ని ఆ నెలలోనే బాగుచేయించి, మళ్లీ అదే లోడ్ మీద, అదే ఎనిమిది గంటలు నడిపించాలి.

మీ ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.